మాయకు మేలు చేసిన మన సుబ్బారావు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల్లో చెకప్‌కు వెళ్లే గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. మీ ఇంట్లోనూ ఆ షీట్ ఉండే ఉంటుంది. దాని వెనుక ఒక తెలుగు డాక్టర్ శ్రమ ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. తోబుట్టువులు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. పేగులు పోషకాలను పీల్చుకోలేక, ఒంట్లో రక్తం తగ్గి మనిషి చిక్కిపోయే జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖాదీ గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. చేనేతకు పేరున్న ఎమ్మిగనూరు వారికి ఆ పట్టుదల విలువ వేరే చెప్పాలా!

1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. తోబుట్టువులను బలిగొన్న స్ప్రూకు కూడా అది మందైంది.

మాయకు ఇది ఎందుకు?

పిండం బయటి కణాలు వేగంగా పెరిగి మాయగా మారతాయి. బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందేది దాని ద్వారానే. ఏ కణం గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్లాలో, ఏవి కలిసి ఒకే పొర కావాలో జన్యువులు నిర్దేశిస్తాయి. ఒక్కో దశలో కొన్ని జన్యువులు పనిచేస్తాయి, కొన్ని ఆగిపోతాయి. వాటిపై పడే మిథైల్ గుర్తులు ఈ నియంత్రణలో భాగం. ఆ గుర్తులకూ, కొత్త కణాల డీఎన్‌ఏకూ ఫోలేట్ కావాలి.

అదుపు తప్పితే?

అరుదుగా ఆ కణాలే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారతాయి. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులను కూడా సుబ్బారావు బృందమే తయారు చేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌తో ఈ క్యాన్సర్ లొంగిందని 1956లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఆ కబురు వినడానికి ఆయన లేరు. 1948లోనే, 53 ఏళ్లకే కన్నుమూశారు.

మీరు చేయాల్సింది

బిడ్డ మెదడు, వెన్నుపాముకు పునాది మొదటి నాలుగు వారాల్లోనే పడుతుంది. అందుకే గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే డాక్టర్‌ను అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. పాలకూర, తోటకూర, పెసలు, శనగలు తినండి. కీళ్లవాతానికో సొరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతుంటే, గర్భం అనుకోకముందే డాక్టర్‌కు చెప్పండి. గర్భిణులకు అది ప్రమాదం.