జేమ్స్ బిచెనో ఫ్రాన్సిస్

జేమ్స్ బిచెనో ఫ్రాన్సిస్ (మే 18, 1815 - సెప్టెంబరు 18, 1892) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన జలశక్తి ఇంజనీరు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రాలలో ఉన్న ఫ్రాన్సిస్ టర్బైన్లకు ఈయన పేరే పెట్టారు. అయితే ఈయన అసలు ఘనత టర్బైను రూపకల్పనలో కంటే, అది ఎంత పని చేస్తున్నదో నమ్మకంగా కొలవడంలోనే ఉన్నదని చెప్పాలి.

జీవితం

ఆక్స్‌ఫర్డ్‌షైర్ లోని సౌత్ లీ గ్రామంలో జన్మించాడు. 1833లో అమెరికాకు వలస వెళ్ళి, మరుసటి సంవత్సరం మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణం చేరాడు. అక్కడ మెరిమాక్ నది నీటిని కాలువల ద్వారా బట్టల మిల్లులకు పంచే సంస్థలో ఉద్యోగంలో చేరి, 1837లో తన 22వ ఏటనే ప్రధాన ఇంజనీరు అయ్యాడు.

శక్తిని కొలవడం

ఒకే నది నీటిని అనేక మిల్లులు పంచుకోవడంతో ప్రతి బొట్టుకూ లెక్క అవసరమైంది. 1846లో ఆపిల్టన్ మిల్లుకు టర్బైన్లు రూపొందించిన యురయా బాయ్డెన్‌తో జరిగిన ఒప్పందం ఇందుకు మంచి ఉదాహరణ. నీటి శక్తిలో 78 శాతం రాబడితే 1,200 డాలర్లు, ఆపైన ప్రతి ఒక్క శాతానికీ 400 డాలర్లు ఇవ్వాలి. పరీక్షలో 88 శాతం తేలడంతో ఆయనకు 5,200 డాలర్లు దక్కాయి. కొలతలో ఒక్క శాతం తేడా వస్తే 400 డాలర్ల తేడా అన్నమాట!

ఇటువంటి పరీక్షలలో ఫ్రాన్సిస్ ప్రోనీ బ్రేకును వాడాడు. టర్బైను ఇరుసుకు బిగించిన చక్రాన్ని బ్రేకు దిమ్మెలు ఒరుసుకొంటూ పట్టి ఉంచుతాయి. ఇరుసుతో పాటు తిరిగిపోబోయే బ్రేకును ఒక పొడవైన చేయి, దాని చివరి తూకపు బరువులు ఆపుతాయి. ఆ బరువును చేయి పొడవుతో గుణిస్తే ఇరుసు మెలితిప్పు బలం, దానిని భ్రమణ వేగంతో గుణిస్తే శక్తి తెలుస్తాయి. వాడిన నీటిని కొలిచేందుకు నీరు ఒక అడ్డుగోడ మీదుగా పొర్లేటట్లు చేసి, పొర్లే నీటి ఎత్తును చూసేవారు. ఈ ప్రయోగాల ఫలితాలను ఫ్రాన్సిస్ 1855లో గ్రంథంగా వెలువరించాడు. అందులోని నీటి ప్రవాహ సూత్రం ఈయన పేరుతోనే పాఠ్యపుస్తకాలలో ఉంది.

నీరు బయటి అంచు నుండి లోపలికి ప్రవహించే చక్రానికి శామ్యూల్ హౌడ్ 1838లోనే పేటెంటు పొందాడు. దానిని మెరుగుపరచి, కొలిచి చూపినవాడు ఫ్రాన్సిస్. నేటి ఫ్రాన్సిస్ టర్బైనులో నీరు లోపలికి వచ్చి కిందికి మళ్ళుతుంది; ఈ మార్పు తరువాతి ఇంజనీర్లది.

ఇతర విశేషాలు

1850లో కాలువపై ఈయన కట్టించిన భారీ వరద తలుపును చూసి జనం పిచ్చిపని అని నవ్వారు. 1852లో మెరిమాక్ పొంగినపుడు ఆ తలుపే పట్టణాన్ని కాపాడింది. 1936 వరదలలో కూడా దానిని దించారు. 1880లో ఈయన అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు.

నేటి కొలతలు

శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. అంతటి యంత్రాన్ని బ్రేకుతో పట్టి కొలవడం ఆచరణసాధ్యం కాదు. అందువలన జనరేటరు ఇచ్చే విద్యుత్తును కొలిచి, జనరేటరులోని నష్టాలను దానికి కలిపి టర్బైను శక్తిని లెక్కిస్తారు. ఇరుసు మీద బలాన్నే నేరుగా తెలుసుకోవాలంటే స్ట్రెయిన్ గేజీలను దానికి అతికిస్తారు. ఇరుసు మెలిపడినపుడు వాటి విద్యుత్ నిరోధం స్వల్పంగా మారుతుంది. ఆ మార్పును బట్టి మెలితిప్పు బలాన్ని లెక్కగడతారు.