కథకు ప్రాణమును చూపిన కట్టమంచివారు

చిత్తూరు పట్టణము నానుకొనియున్న కట్టమంచి నేడు పట్టణములో కలిసిపోయినను, ఒకనాడు వేరు గ్రామము. ఆ గ్రామమున 1880వ సంవత్సరము డిశంబరు 10వ తేదీన సుబ్రహ్మణ్యరెడ్డిగారి కుమారులుగా రామలింగారెడ్డిగారు జన్మించిరి. మహావక్తలుగా, విశ్వవిద్యాలయ నిర్మాతలుగా వారిని పలువు రెరుగుదురు. కాని కథ దేనివలన నిలుచును, దేనివలన కూలును అను విషయమును తెలుగు విద్యార్థులకు విడమరచి చెప్పిన గురువులుగా వారిని తలచుకొనువారు కొలదిమందియే.

రెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా, అచ్చటి ఆంధ్ర భాషాసమాజమువారు కావ్యరచనకు పోటీ నేర్పరచిరి. ఇరువది యేండ్లు నిండకమునుపే వారు 'ముసలమ్మ మరణము' రచించి బహుమతి నందిరి. ఇందలి కథ పురాణములలోనిది కాదు. దేవకన్యలు, రాజకుమారులు ఇందు లేరు. బ్రౌను దొరగారు ప్రకటించిన అనంతపుర చరిత్రలోని చిన్న గాథయే దీనికి మూలము. బుక్కరాయసముద్రము చెరువు పొంగి కట్ట తెగనున్నది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తన్ను తాను బలి యిచ్చుకొన్నచో ఊరు నిలుచునని దైవవాణి పలికినది. ఇంటివారు దుఃఖించుచుండగా ఆమె వారి నోదార్చి, చెరువునకు నడచి ప్రాణ మర్పించినది.

చెరువు క్రింద బ్రదుకు రైతులకు కట్ట తెగుట యననేమో వేరుగా చెప్ప నక్కరలేదు. అయినను ఈ కథలోని పోరు నీటికిని కట్టకును మాత్రమే కాదు. ఒక ప్రక్క ప్రాణము, భర్త, ఇల్లు. మరియొక ప్రక్క ఊరందరి బ్రదుకు. ఈ రెంటి నడుమ నలిగిన హృదయమే కథ. వరదను ఎంత వర్ణించినను, ముసలమ్మకు విడువ నలవిగానిదేదియు లేకున్నచో ఆమె మరణము మనలను కదలింపదు. యౌవనముననే రెడ్డిగా రీ మర్మమును పట్టుకొనిరి.

తరువాత వారు ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకేగి, కేంబ్రిడ్జిలో చరిత్రయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులై, అచ్చటి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. మరలివచ్చి బరోడాలోను, మైసూరు మహారాజా కళాశాలలోను అధ్యాపకులైరి. చరిత్ర బోధించువారికి కార్యకారణములను వెదకుట నిత్యకృత్యము. ఆ దృష్టితోనే వారు తెలుగు కావ్యములను పరికించి, 1914లో 'కవిత్వతత్త్వ విచారము'ను ప్రకటించిరి.

పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును విమర్శించుటకై పుట్టిన గ్రంథమిది. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల లూగుచుండగా, విమానముపై రంభానలకూబరులు పోవుదురు. రంభ పలికిన గర్వపుమాట నారదుని చెవిని బడును. ఆ చిన్న మాటనుండి ఈర్ష్యలు, మాయారూపములు, ఇద్దరు రంభల కలహము పుట్టి, ముడిపై ముడి పడును. ఆ ముడులకు మూలమైన రహస్యము, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ, చాల దూరము గడచినపిదప శిశువైన మధురలాలస నోట బయటపడును. ఆదినుండి విడిగా కనబడిన సంగతులన్నియు అప్పుడొక్కటిగా కూడును. ఒక పుటలోని మొత్తము మరుపుటకు తప్పక ఎక్కినట్లు, ప్రతి సంఘటనయు తరువాతి దానికి కారణ మగుచుండుటయే కథాసంవిధానము. ఈ గుణమునకే రెడ్డిగారు సూరనను మెచ్చిరి. మెచ్చిన కవియందును లోపములను చూపక మానలేదు.

ఈ కొలబద్దకు నిలువని ప్రబంధములను వారు నిర్భయముగా ఖండించిరి. పురవర్ణనము, వనవిహారము, విరహము వరుస తప్పక వచ్చుచు కథను అడుగైనను ముందుకు నడపకున్నచో అది శబ్దాడంబరమే గాని కవిత్వము కాదనిరి. తరతరములుగా పూజింపబడు కావ్యములను ఇట్లు తూచుట సామాన్యసాహసము కాదు. సంప్రదాయ పండితులు పలువురు అలిగిరి, ప్రతివిమర్శలు వెలువడినవి. పాశ్చాత్యుల కొలతతో మన కావ్యములను కొలువరాదని వారి వాదము. అందును కొంత న్యాయము లేకపోలేదు: వర్ణనలోని రసమును ఆస్వాదించుటకై చదువు పాఠకులు గలరు. అయినను అటుపిమ్మట విద్యార్థులు కావ్యమును చదువునప్పుడు పద్యమునకు అర్థము చెప్పుటతో తృప్తి పడక, ఈ పాత్ర ఇట్లేల చేసెనని ప్రశ్నింప నేర్చిరి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపింపబడగా రెడ్డిగారే ప్రథమ ఉపాధ్యక్షులైరి. 1930 నాటి సత్యాగ్రహోద్యమమును ప్రభుత్వము అణచిన తీరునకు నిరసనగా ఆ పదవిని త్యజించిరి. తామెంతో ప్రీతితో పెంచిన సంస్థ యొకవైపు, ఆత్మగౌరవ మొకవైపు నిలిచినప్పుడు, తమ కావ్యనాయికవలెనే వారును ప్రియమైనదానిని విడిచిరి. 1936లో మరల ఆ పీఠమునకు వచ్చి, 1949 వరకు సేవించిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. మూడేండ్లకు, 1954లో, సొంత సీమయగు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. దానిని కనులార చూచు భాగ్యము వారికి లేకపోయెను.

గ్రంథాలయములో కథాపుస్తకమును చేత బట్టిన పాఠకుడు మూడు ప్రశ్నలు వేసికొన్నచాలును: ఈ మనుష్యుడు కోరున దేమి? దాని కడ్డు నిలిచినదేమి? దానికై అతడు విడువవలసిన దేమి? వీనికి సమాధాన మిచ్చు కథ మనసున నిలుచును. ఈయలేని కథ ఎన్ని నగలు పెట్టుకొన్నను పుస్తకము మూయగానే మరుగున పడును. ఈ వివేకమును అలవరచుకొనుటయే కట్టమంచివారికి మనము చెల్లింపదగిన గురుదక్షిణ.