తలుపు తెరచిన తల్లి: పండిత రమాబాయి

1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అరణ్యమున రమాబాయి జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత విద్వాంసుడు. స్త్రీకి దేవభాష తగదని పండితులు ఆక్షేపించినను ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పెను. ఆ తల్లి తన కుమార్తెకు నేర్పెను.

పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణము చెప్పుచు జీవించుచున్న ఆ కుటుంబమును కరవు కబళించెను. మన తిరుపతి కొండల అడవిలో వారు ఆకులలములు తిని దినములు గడపిరి. 1874లో తండ్రియు, ఆ వెనుక తల్లియు, అక్కయు మరణించిరి. మిగిలిన అన్నతో రమాబాయి వేల మైళ్లు నడచి, 1878లో కలకత్తా చేరెను. అచ్చటి పండితులు ఆమె విద్యకు ఆశ్చర్యపడి, పండిత, సరస్వతి అను బిరుదుల నిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారీ మేధావిని వివాహమాడెను. 1882లో కలరా ఆయనను తీసికొనిపోయెను. ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే, చంటిబిడ్డ మనోరమతో ఆమె విధవరాలాయెను.

1883లో ఆమె ఇంగ్లండు వెళ్లెను. లండనులోని ఫుల్హాములో, సంఘము వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సహోదరీలు చేరదీసి ప్రేమతో సేవించుట చూచెను. సమరయ స్త్రీతో ప్రభువు సంభాషించిన వృత్తాంతమును అచ్చటనే ఆమె గ్రహించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 29న బాప్తిస్మము పొందెను.

1887లో బొంబాయి హైకోర్టు రఖ్మాబాయి యను యువతిని, బాల్యమున తనను పెండ్లాడిన భర్త యింటికి పోవలెననియు, కానిచో ఆరు నెలలు చెరసాలకు పోవలెననియు ఆజ్ఞాపించెను. ఆ సంవత్సరమే అమెరికాలో ప్రకటించిన తన గ్రంథములో రమాబాయి ఈ సంగతిని లోకమునకు తెలిపెను. అత్తింట బాధలుపడు స్త్రీకి పుట్టింట చోటులేదు, న్యాయస్థానమున రక్షణలేదు, చేతిలో విద్యలేదు. కనుక స్వావలంబన, విద్య, ఈ దేశపు స్త్రీలైన ఉపాధ్యాయినులు అను మూడును అవసరమని ఆమె నిశ్చయించెను.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరువబడెను. మరుసటి యేడు అది పూనాకు మారెను. బాలికలు క్రైస్తవులగుచున్నారని 1893లో కలవరము పుట్టగా, పలువురి పెద్దలు తమ పిల్లలను తీసికొనిపోయిరి. అండగానున్న రానడే, భండార్కర్ మొదలగువారు సలహాసంఘమునుండి తొలగిరి. అయినను ఆమె తలుపు మూయలేదు.

1896-97లో మధ్య పరగణాలలో ఘోరమైన కరవు వచ్చెను. నేటి ఛత్తీస్‌గఢ్‌లో చాల భాగము ఆనాడు ఆ పరగణాలలోనిదే. దిక్కులేని ఆడుపిల్లలను దుర్మార్గులు పట్టుకొనిపోవుచుండగా, ఆకలి నెరిగిన రమాబాయి స్వయముగా అచ్చటికి వెళ్లి, సుమారు మూడువందలమందిని కేడ్గాఁవ్‌కు తెచ్చెను. అదియే ముక్తి సదనమాయెను. అచ్చట వారు చదువుతోపాటు సేద్యము, నేత, ముద్రణ నేర్చిరి. బిక్షకై గాక కష్టార్జితముతో బ్రదుకుట ఆమె కోరిక. 1921లో మనోరమ మరణించెను. 1922 ఏప్రిల్ 5న రమాబాయియు ప్రభువునందు నిద్రించెను.

నాడు ఒక స్త్రీ ఒంటరిగా తెరచిన తలుపును నేడు శాసనమే తెరచినది. 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన గృహహింస నిరోధక చట్టముచేత, ఇల్లు తన పేర లేకున్నను భార్యకు అందు నివసించు హక్కు కలదు. రక్షణాధికారి ఆమె ఫిర్యాదును న్యాయస్థానమునకు చేర్చును. దేశములో మొదటి సఖీ కేంద్రము 2015 జూలై 16న రాయ్‌పూర్‌లోనే ప్రారంభమాయెను. వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయము అచ్చట ఒకేచోట దొరకును. 181 సంఖ్యకు ఫోను చేసినను సహాయము లభించును.

రాయ్‌పూర్ చెంతనున్న ఉర్లా పారిశ్రామికవాడలో, కర్మాగారపు కూలికై సొంత ఊరు విడిచి వచ్చిన యిల్లాలికి పుట్టిల్లు దూరము. అచ్చటి భాషయు కొత్త. రాత్రి దెబ్బలు తిని ఆమె పొరుగింటి తలుపు తట్టినయెడల, ఓర్చుకొమ్మని వెనుకకు పంపుట సులభము. లోనికి పిలిచి, గాయము కడిగి, తెల్లవారగానే ఆమె వెంట సఖీ కేంద్రమువరకు నడచుట రమాబాయి చూపిన మార్గము.