సి.కె.నాయుడు

కొఠారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి కెప్టెన్. ఇతడు సి.కె.నాయుడు, కర్నల్ సి.కె. అన్న పేర్లతో ప్రసిద్ధుడు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌గా, బౌలర్‌గా, చురుకైన ఫీల్డర్‌గా పేరు గడించాడు. సంస్థానాధీశులే భారత క్రికెట్‌ను శాసిస్తున్న రోజుల్లో, రాజవంశానికి చెందని ఒక తెలుగువాడు జట్టు నాయకత్వాన్ని చేపట్టడం ఇతని జీవితంలోని ముఖ్య విశేషం. 1916లో మొదలైన ఇతని ఫస్ట్‌క్లాస్ క్రికెట్ జీవితం 1963-64 వరకు, అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు సాగింది.

బాల్యం, కుటుంబ నేపథ్యం

సి.కె.నాయుడు నాగపూర్‌లోని ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. పూర్వీకులు తెలుగు ప్రాంతం నుండి మధ్య భారతానికి వలస వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరున్న న్యాయవాది, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చి న్యాయవాద వృత్తిని చేపట్టాడు. నాయుడు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజియేట్ పాఠశాలలో చదువుతూ అక్కడి జట్టుకు నాయకత్వం వహించాడు. మోదీ క్రికెట్ క్లబ్ తరఫున కూడా ఆడి స్థానికంగా గుర్తింపు పొందాడు.

ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ప్రవేశం

ఆనాటి భారతదేశంలో ప్రధానమైన క్రికెట్ పోటీ బొంబాయిలో జరిగే చతుర్ముఖ టోర్నమెంటు. ఇందులో హిందువులు, ముస్లిములు, పార్శీలు, యూరోపియన్లు వేరువేరు జట్లుగా పోటీపడేవారు. 1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై ఆడుతూ నాయుడు ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. ఇతడు తొమ్మిదవ స్థానంలో బ్యాటింగుకు దిగేసరికి జట్టు 79 పరుగులకే 7 వికెట్లు కోల్పోయి కష్టాల్లో ఉంది. మొదటి మూడు బంతులను అడ్డుకున్న నాయుడు, ఫ్రాంక్ టారంట్ వేసిన నాలుగో బంతిని సిక్సర్‌గా మలిచాడు. ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు ప్రేక్షకులు ఇతని నుండి ఆశించింది ఈ దూకుడునే.

1923లో హోల్కర్ సంస్థానాధీశుని ఆహ్వానంపై నాయుడు ఇండోర్ చేరాడు. సంస్థాన సైన్యంలో కెప్టెన్‌గా నియమితుడై, తరువాత కర్నల్ హోదా పొందాడు. అప్పటి నుండి మరణించే వరకు ఇండోర్ ఇతని స్వస్థలమైంది.

1926 నాటి ఇన్నింగ్స్

ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండుకు చెందిన ఎం.సి.సి. జట్టు 1926-27లో భారత్‌లో పర్యటించింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో జరిగిన మ్యాచ్‌లో ఎం.సి.సి. ఆటగాడు గై ఎర్ల్ 8 సిక్సర్లతో 130 పరుగులు సాధించాడు. మరునాడు, 1926 డిసెంబర్ 1న, దానికి నాయుడు ధీటైన సమాధానమిచ్చాడు. కేవలం 116 నిమిషాల్లో 153 పరుగులు చేశాడు. ఇందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. ఈ వార్త నగరమంతా వ్యాపించడంతో జనం పనులు మానుకుని మైదానానికి తరలివచ్చారు. చోటు దొరకనివారు చుట్టుపక్కల చెట్లు, మేడలు ఎక్కి ఆట చూశారు. ఈ ఇన్నింగ్స్‌కు గుర్తుగా ఎం.సి.సి. జట్టు నాయుడుకు వెండి బ్యాటును బహూకరించింది.

ఈ పర్యటన ఫలితం ఒక ఇన్నింగ్స్‌తో ఆగలేదు. భారతీయులు అంతర్జాతీయ స్థాయిలో ఆడగలరని గిల్లిగన్ నమ్మాడు. దేశంలో ఒక కేంద్ర క్రికెట్ సంస్థను నెలకొల్పడానికి ప్రోత్సాహమిచ్చాడు. 1928 డిసెంబర్‌లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

తొలి టెస్ట్ కెప్టెన్

1932లో ఇంగ్లండు పర్యటనకు బయలుదేరిన భారత జట్టుకు పోర్‌బందర్ మహారాజును కెప్టెన్‌గా, లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామ్‌సింహ్‌జీని వైస్ కెప్టెన్‌గా నియమించారు. జట్టుకు రాజవంశీకుడే నాయకుడు కావాలన్నది ఆనాటి ఆచారం. అయితే పోర్‌బందర్ మహారాజు తన ఆటతీరు టెస్ట్ స్థాయికి తగదని గ్రహించి తప్పుకున్నాడు. గాయం కారణంగా లింబ్డీ రాజకుమారుడు కూడా ఆడలేకపోయాడు. ఆ విధంగా నాయకత్వ బాధ్యత నాయుడుపై పడింది.

ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. నాయుడు క్రమశిక్షణ విషయంలో కఠినంగా ఉండేవాడు. ఇతని నాయకత్వంలో ఆడబోమని కొందరు ఆటగాళ్ళు టెస్టుకు ముందు రాత్రి నిరసన తెలిపారు. ఈ సంగతి తెలిసిన పటియాలా మహారాజు ఆడి తీరవలసిందేనని గట్టిగా ఆదేశించడంతో వివాదం సద్దుమణిగిందని చెబుతారు.

1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత్ తన తొలి టెస్ట్ ఆడింది. ప్రత్యర్థి కెప్టెన్ డగ్లస్ జార్డిన్. మహమ్మద్ నిస్సార్ వేగానికి సట్‌క్లిఫ్, హోమ్స్ వెనుదిరిగారు. వూలీ రనౌటయ్యాడు. 19 పరుగులకే ఇంగ్లండు 3 వికెట్లు కోల్పోయింది. చివరకు ఆ జట్టు 259 పరుగులు చేసింది. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినప్పటికీ, భారత్ తొలి ఇన్నింగ్స్‌లోని 189 పరుగుల్లో నాయుడే అత్యధికంగా 40 పరుగులు సాధించాడు. ఈ టెస్టులో భారత్ 158 పరుగుల తేడాతో పరాజయం పొందింది.

ఆ పర్యటనలో నాయుడు మొత్తం 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలోనూ ఆడి 1618 పరుగులు చేశాడు, 65 వికెట్లు పడగొట్టాడు. లార్డ్స్‌లో ఎం.సి.సి.పై అజేయంగా 118 పరుగులు సాధించాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్‌పై 162 పరుగులు చేసిన మ్యాచ్‌లో ఇతడు కొట్టిన ఒక సిక్సర్ రియా నదిని దాటింది. అప్పట్లో ఆ నదే వార్విక్‌షైర్, వూస్టర్‌షైర్ కౌంటీలకు సరిహద్దు కావడంతో, బంతిని పక్క కౌంటీలోకి కొట్టినవాడిగా నాయుడు పేరు నిలిచిపోయింది. 1933లో విజ్డెన్ వార్షిక సంచిక ఇతనిని ఆ సంవత్సరపు ఐదుగురు క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

1933-34 స్వదేశీ సిరీస్

1933-34లో జార్డిన్ నాయకత్వంలో ఇంగ్లండు జట్టు భారత్‌కు వచ్చింది. స్వదేశంలో జరిగిన ఈ తొలి టెస్ట్ సిరీస్‌కు కూడా నాయుడే కెప్టెన్. 1933 డిసెంబర్ 15న బొంబాయి జింఖానాలో మొదలైన తొలి టెస్ట్ రెండవ ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్‌తో కలిసి నాయుడు 186 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పాడు. అమర్‌నాథ్ 118 పరుగులతో భారత్ తరఫున మొట్టమొదటి టెస్ట్ సెంచరీ సాధించగా, నాయుడు 67 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్‌ను భారత్ 9 వికెట్ల తేడాతో కోల్పోయింది. కలకత్తా టెస్ట్ డ్రాగా ముగిసింది. మద్రాసు టెస్టులో మళ్ళీ ఓటమి ఎదురైంది. మొత్తం 4 టెస్టులకు నాయకత్వం వహించిన నాయుడు మూడింటిలో ఓడి, ఒకటి డ్రా చేసుకున్నాడు.

1936 పర్యటన

1936 ఇంగ్లండు పర్యటనకు నాయుడును పక్కన పెట్టి విజయనగరం మహారాజకుమారుడు, విజ్జీగా పేరుపొందిన విజయానంద గజపతిరాజును కెప్టెన్‌గా నియమించారు. ఇద్దరూ తెలుగు మూలాలు కలవారే అయినా వారి మధ్య సఖ్యత లేదు. జట్టు ముఠాలుగా చీలిపోయింది. అద్భుతంగా ఆడుతున్న అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో పర్యటన మధ్యలోనే వెనక్కి పంపివేశారు. ఆ తరువాత విచారణ జరిపిన బ్యూమాంట్ కమిటీ 1937లో ఇచ్చిన నివేదికలో విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్ నిర్దోషి అని తేల్చింది.

కెప్టెన్సీ కోల్పోయినా నాయుడు తన ఆటను విడువలేదు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి శరీరానికి బలంగా తగిలింది. అయినా క్రీజు వదలక 81 పరుగులు చేశాడు. అప్పటికి ఇతని వయసు 40 సంవత్సరాలు. అదే ఇతని అత్యధిక టెస్ట్ స్కోరు, చివరి టెస్ట్ కూడా అదే. ఆ తరువాత భారత్ మళ్ళీ టెస్ట్ ఆడింది 1946లో. తొలి టెస్ట్ ఆడేనాటికే 36 ఏళ్ళు నిండిన నాయుడుకు అంతర్జాతీయ క్రికెట్ దక్కింది 7 టెస్టుల మేరకే.

హోల్కర్ జట్టు

టెస్టుల్లో దక్కని విజయాలను నాయుడు రంజీ ట్రోఫీలో సాధించాడు. ఇతని నాయకత్వంలో హోల్కర్ జట్టు దేశంలోని బలమైన జట్లలో ఒకటిగా ఎదిగింది. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది సీజన్లలో ఎనిమిది సార్లు ఫైనల్ చేరి, 1945-46, 1947-48, 1950-51, 1952-53లలో ట్రోఫీని గెలుచుకుంది. ముస్తాక్ అలీ, చందు సర్వాతే, బి.బి.నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్ వంటి ఆటగాళ్ళు ఈ జట్టులో ఉండేవారు. ముస్తాక్ అలీలోని ప్రతిభను బాల్యంలోనే గుర్తించి ప్రోత్సహించినవాడు నాయుడే.

1945-46లో మైసూరుపై హోల్కర్ 8 వికెట్లకు 912 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు చేయగా, వారిలో 101 పరుగులు చేసిన నాయుడు ఒకడు. అదే సీజన్ ఫైనల్లో బరోడాపై 200 పరుగులు సాధించాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఇతని అత్యధిక స్కోరు ఇదే. అప్పటికి ఇతనికి 50 ఏళ్ళు నిండాయి.

వయసును లెక్కచేయని ఆట

1951-52లో బొంబాయితో జరిగిన మ్యాచ్‌లో దత్తు ఫడ్కర్ వేసిన బౌన్సర్ ముఖానికి తగిలి నాయుడు రెండు పళ్ళు ఊడిపోయాయి. 56 ఏళ్ళ నాయుడు చికిత్సకు నిరాకరించి, పిచ్‌పై పడిన పళ్ళను పక్కకు నెట్టి ఆట కొనసాగించాడు. 1953-54లో కొత్తగా రంజీ ట్రోఫీలో ప్రవేశించిన ఆంధ్ర జట్టుకు కూడా నాయకత్వం వహించాడు. ఈ విధంగా నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో స్థిరపడిన నాయుడు, తెలుగువారి రాష్ట్ర జట్టుకూ సేవలందించాడు. 1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున ఆడుతూ 61 ఏళ్ళ వయసులో రాజస్థాన్‌పై 84 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో వినూ మన్కడ్ బౌలింగులో రెండు సిక్సర్లు కొట్టాడు. 1963-64లో 68 ఏళ్ళ వయసులో తన చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు.

కుటుంబ సభ్యులు

నాయుడు తమ్ముడు సి.ఎస్.నాయుడు లెగ్‌స్పిన్ బౌలర్. భారత్ తరఫున 11 టెస్టులు ఆడాడు. 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ తరఫున రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి ఏకంగా 917 బంతులు వేశాడు. కుమార్తె చంద్ర నాయుడు భారతదేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా గుర్తింపు పొందింది. ఆమె 2021లో మరణించింది.

గణాంకాలు

టెస్ట్ క్రికెట్: 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, సగటు 25.00, అత్యధిక స్కోరు 81, వికెట్లు 9.

ఫస్ట్‌క్లాస్ క్రికెట్: 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, సగటు 35.94, సెంచరీలు 26, అత్యధిక స్కోరు 200, వికెట్లు 411.

గౌరవాలు, మరణం

1956లో భారత ప్రభుత్వం నాయుడును పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. ఈ పురస్కారం పొందిన మొదటి క్రికెటర్ ఇతడే. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో మరణించాడు. ఇతని పేరిట క్రికెట్ బోర్డు 1970లలో యువ ఆటగాళ్ళ కోసం సి.కె.నాయుడు ట్రోఫీని ప్రారంభించింది. 1994లో నెలకొల్పిన జీవిత సాఫల్య పురస్కారానికి కూడా ఇతని పేరే పెట్టింది. దాని తొలి గ్రహీత, బొంబాయి టెస్టులో నాయుడు తోడుగా తొలి సెంచరీ సాధించిన లాలా అమర్‌నాథ్. 1996లో భారత తపాలా శాఖ నాయుడు స్మారకార్థం తపాలా బిళ్ళను విడుదల చేసింది.