సాలూరు రాజేశ్వరరావు

సాలూరు రాజేశ్వరరావు (1922 - 1999) తెలుగు చలనచిత్ర సంగీత దర్శకుడు, గాయకుడు, బాలనటుడు. తెలుగులో లలిత సంగీతానికి ఆద్యులలో ఒకడు. శాస్త్రీయ రాగాలకు గిటారు, పియానో వంటి వాద్యాల స్వరమేళనాన్ని జోడించి, రాగం చెడకుండా కొత్తదనం తీసుకురావడం ఆయన సంగీతంలోని ప్రత్యేకత.

బాల్యము

రాజేశ్వరరావు అక్టోబర్ 11, 1922న సాలూరు సమీపంలోని శివరామపురంలో జన్మించాడు. ఈ ప్రాంతం 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి సన్యాసిరాజు గేయ రచయిత, మృదంగ విద్వాంసుడు. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు కచేరీలకు మృదంగ సహకారం అందించాడు. రాజేశ్వరరావు తొలి గురువు తండ్రే. అన్న హనుమంతరావు కూడా సంగీత దర్శకుడై కన్నడ చిత్రాలలో పేరు పొందాడు.

బాలుడిగా ఉన్నప్పుడే హచిన్స్ గ్రామఫోను సంస్థ ఆయన పాటలను రికార్డు చేసింది. 1935లో విడుదలైన శ్రీకృష్ణ లీలలు చిత్రంలో కృష్ణునిగా, 1936 నాటి శశిరేఖా పరిణయంలో అభిమన్యునిగా నటించి తన పాటలు తానే పాడుకున్నాడు.

కలకత్తా ప్రభావము

చిత్ర నిర్మాణం పనిమీద కలకత్తా వెళ్ళిన రాజేశ్వరరావు కొంతకాలం అక్కడే ఉండిపోయాడు. న్యూ థియేటర్స్ సంస్థకు చెందిన పంకజ్ మల్లిక్, కె.ఎల్.సైగల్ వంటివారి సాన్నిహిత్యంలో హిందూస్తానీ సంగీతాన్ని, రవీంద్ర సంగీత ధోరణిని, వాద్యబృంద నిర్వహణను గ్రహించాడు. మద్రాసు తిరిగివచ్చాక జయప్రద (1939), ఇల్లాలు (1940) చిత్రాలకు సంగీతం సమకూర్చాడు. రావు బాలసరస్వతితో కలసి పాడిన లలిత గీతాల రికార్డులు ఆయనకు ఇంటింటా పేరు తెచ్చాయి.

జెమినీ స్టూడియోలో

1940 దశకంలో ఎస్.ఎస్.వాసన్‌కు చెందిన జెమినీ స్టూడియోలో చేరి బాలనాగమ్మ (1942) మొదలైన చిత్రాలకు పనిచేసాడు. 1948లో వచ్చిన చంద్రలేఖ చిత్రానికి ఎం.డి.పార్థసారథితో పాటు సంగీతం అందించాడు. ఆ చిత్రంలో కర్ణాటక, హిందూస్తానీ బాణీల పక్కనే లాటిన్ అమెరికా లయలు, ఐరోపా వాల్ట్‌జ్ నడక వినిపిస్తాయి. పెద్ద వాద్యబృందంతో ఒకే చిత్రంలో ఇన్ని శైలులను నడిపించిన అనుభవం తరువాతి కాలంలో ఆయనకు ఎంతో ఉపకరించింది.

సంగీత శైలి

భారతీయ సంగీతంలో స్వరాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలు ఒకేసారి మ్రోగుతాయి. దీనినే కార్డ్ అంటారు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మీటితే మేజర్ కార్డ్, అంతర గాంధారానికి బదులు సాధారణ గాంధారం వాడితే మైనర్ కార్డ్ ఏర్పడతాయి. షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా ఏర్పడే మూడు కార్డ్‌లు తెలిస్తే గిటారుపై చాలా సరళమైన పాటలకు తోడు వాయించవచ్చును.

శైలిని మార్చేది ముఖ్యంగా కుడిచేతి నడక. వాల్ట్‌జ్‌లో మూడు మాత్రలలో మొదటిదానికి మంద్రస్వరం, మిగిలిన రెండింటికి కార్డ్ వాయిస్తారు. లాటిన్ లయలలో అదే కార్డ్‌ను పొట్టిగా, తాళానికి కొంచెం ఎడంగా మీటుతారు. నెమ్మదైన పాటలలో కార్డ్‌లోని స్వరాలను విడివిడిగా జారవిడుస్తారు.

అయితే రాగానికి గమకం ప్రాణం. కార్డ్‌లో స్వరాలు కదలక నిలిచి ఉంటాయి. పైగా కార్డ్‌లోకి అన్యస్వరం వస్తే రాగస్వరూపం మారిపోతుంది. అందువలన ఈ రెండు పద్ధతులను కలపడంలో ఏ ఒక్కటి హద్దు మీరినా పాట దెబ్బతింటుంది. రాజేశ్వరరావు పాటలలో రాగమే ముందు నడుస్తుంది, స్వరమేళనం దానికి నీడగా ఉంటుంది. ఇద్దరు మిత్రులు (1961), ఆరాధన (1962), డాక్టర్ చక్రవర్తి (1964) చిత్రాలలోని పియానో పాటలు ఇందుకు మంచి ఉదాహరణలు. డాక్టర్ చక్రవర్తిలోనే వీణ ప్రధానంగా సాగే పాట కూడా ఉండడం గమనించదగినది. ఆ వీణ పాటను, పియానో పాటను కూడా పి.సుశీల పాడింది.

ఇతర ముఖ్య చిత్రాలు

మల్లీశ్వరి (1951)
విప్రనారాయణ (1954)
మిస్సమ్మ (1955)
చెంచులక్ష్మి (1958)
భార్యాభర్తలు (1961)
అమరశిల్పి జక్కన్న (1964)
కురుక్షేత్రం (1977)
తాండ్ర పాపారాయుడు (1986)

మల్లీశ్వరికి వాద్యగోష్ఠి నిర్వహణలో అద్దేపల్లి రామారావు సహకరించాడు.

చివరి దశ

1970 దశకం నుండి చిత్రసీమలో అభిరుచులు మారి ఆయనకు అవకాశాలు తగ్గాయి. వేగమైన లయ, ఎలక్ట్రిక్ గిటారు పాటలో ముందుకు రాగా, నిదానంగా విచ్చుకునే ఆయన బాణీకి చోటు తగ్గింది. ఏ పాశ్చాత్య వాద్యాలను ఆయన తెలుగు పాటకు అలవాటు చేసాడో, వాటి జోరే తరువాత ఆయన బాణీని వెనుకకు నెట్టింది. అయినను పౌరాణిక, చారిత్రక చిత్రాలకు ఆయనను పిలుస్తూనే ఉన్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం లభించింది. 1999 అక్టోబర్‌లో మరణించాడు.

కుటుంబము

కుమారులలో రామలింగేశ్వరరావు పియానో, పూర్ణచంద్రరావు గిటారు వాద్యకారులుగా చిత్రసీమలో పనిచేసారు. మరొక కుమారుడు కోటేశ్వరరావు, రాజ్-కోటి జంటలో కోటిగా, ప్రసిద్ధ సంగీత దర్శకుడయ్యాడు. తాత మృదంగం నుండి మనుమల గిటారు, పియానోల వరకు సాగిన ఈ వంశంలో రెండు సంప్రదాయాలను కలిపిన తరం రాజేశ్వరరావుదే.