ఓర్పు ఫలించిన జీవితం – గిడుగు రామమూర్తి పంతులు గారు

విత్తనం నాటిన మరునాడే పంటను కోరేవాడు రైతు కాలేడు. ఉపాధ్యాయుడు అసలే కాలేడు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జీవితం ఈ సత్యానికి గొప్ప నిదర్శనం.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ పట్టణం అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఉద్యోగం చేసుకొంటూనే స్వయంకృషితో బి.ఏ. పట్టభద్రులయ్యారు.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసించేవారు. వారి భాషకు లిపి లేదు. వారి పిల్లలకు బడి లేదు. పంతులు గారు తెలుగు తెలిసిన ఒక సవరను తమ ఇంట ఉంచుకొని ఆ భాషను అభ్యసించారు. కొండలెక్కి వారి కథలను, పాటలను సేకరించారు. అడవి జ్వరానికి వాడిన క్వినైన్ వలన ఆయనకు వినికిడి శక్తి క్రమంగా నశించింది. చెవితో పలుకులను పట్టుకోవలసిన భాషావేత్తకు ఇంతకన్న కఠిన పరీక్ష మరొకటి ఉండదు. అయినను ఆయన వెనుకకు తగ్గలేదు. సవర భాషలో పుస్తకాలు వ్రాసి, సొంత ధనంతో బడులు నడిపారు. ఆ కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు దానిని స్వీకరింపక, సవరలకు పాఠశాలలు నెలకొల్పవలసినదిగా కోరారు.

నలభై ఏళ్లు దాటిన తరువాత ఆయన జీవితానికి మరొక లక్ష్యం ఏర్పడింది. విద్యాశాఖ పరిశీలకులుగా వచ్చిన యేట్స్ దొర, తెలుగు పిల్లలు మాట్లాడే భాషకు, చదివే భాషకు ఇంత అంతరమెందుకని సందేహం వెలిబుచ్చారు. సవర బాలలకు వారి పలుకులలోనే చదువు చెప్పిన పంతులు గారికి, తెలుగు బాలలకూ అదే న్యాయమని తోచింది. గురజాడ అప్పారావు గారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు తోడు నిలిచారు. పండితులు తీవ్రంగా ప్రతిఘటించారు. పరీక్షలలో వాడుక భాషకు లభించిన అనుమతి కొద్దికాలానికే రద్దయింది. 1915లో గురజాడ వారు కన్నుమూశారు. ఆ నిరాశలో కూడ పంతులు గారి విశ్వాసం చెదరలేదు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు; 1919లో ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించారు.

ఎట్టకేలకు 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. యౌవనంలో ఆరంభించిన పని అరవై ఏడేళ్లు దాటిన వయస్సులో వెలుగు చూసింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ పట్టణాన్ని వీడి ఆయన రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆ వృద్ధాప్యంలో అది ఎంతటి బాధయో, స్వస్థలానికి దూరంగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ కూడ ఆయన కలం ఆగలేదు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది.

1940 జనవరి 22న పంతులు గారు పరమపదించారు. వాడుక భాష పాఠ్యపుస్తకాలలో పూర్తిగా స్థిరపడిన దినాన్ని ఆయన చూడలేదు. నేడు పిల్లలు తమకు తెలిసిన తెలుగులో పాఠం చదువుకొంటున్నారంటే అది ఆయన నాటిన విత్తనమే. ఆయన జన్మదినం తెలుగు భాషా దినోత్సవమైంది. ఫలితం కంటబడకున్నా పనిని విడువని ఆ విశ్వాసమే, ప్రతి తెలుగు బడికి ఆయన ఇచ్చి వెళ్లిన ఆస్తి.