గురజాడవారు – గిరీశం చేతి చుట్ట

పాడేరు మన్యం తూర్పుకనుమలలో ఎత్తయిన చోట ఉన్నది. ఆ కొండలు దిగి సముద్రం వైపు సాగితే పల్లపు భూములలో సర్వసిద్ధి రాయవరమనే గ్రామం వస్తుంది. 1862 సెప్టెంబరు 21వ తేదీన గురజాడ వేంకట అప్పారావుగారు ఆ గ్రామంలో జన్మించినారు. నాడు కొండా పల్లమూ ఒక్క విశాఖపట్టణం జిల్లాయే. 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన పునర్విభజనతో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రాయవరం అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ కొండకూ ఆ పల్లానికీ భాషలోను, ఆచారంలోను ఎంత భేదమున్నా, ఒక్క వస్తువు మాత్రం రెంటికీ ఉమ్మడి సొత్తుగా ఉండేది. అది చుట్ట. ఆ చుట్టను తెలుగు సాహిత్యంలో చిరస్థాయిగా నిలిపినవారు అప్పారావుగారే.

చుట్ట మంచిచెడ్డలు నిర్ణయించడం ఒక విద్య. గోదావరి లంకలలో, వరద తీసిన ఒండ్రునేల మీద పండే లంకపొగాకుకు తెలుగుదేశమంతటా పేరున్నది. ఆకు బాగా పండవలె. ఆరి, మగ్గి, పదునుకు రావలె. చుట్టినప్పుడు మరీ వదులుగాను, మరీ బిగువుగాను ఉండరాదు. అంటించిన తరువాత ఒకవైపే కాలిపోక చుట్టూ సమంగా కాలవలె. బూడిద వెంటనే రాలక నిలువవలె. ఘాటు ఉండవచ్చును గాని గొంతు పట్టరాదు. సముద్రాల కావల క్యూబా ద్వీపంలోను పరీక్ష ఇంచుమించు ఇదే. 1492లో కొలంబసు వెంట వచ్చిన నావికులు పొగ పీల్చే జనాన్ని చూచి ఆశ్చర్యపడినది ఆ ద్వీపంలోనే. అక్కడి పినార్ డెల్ రియో మండలపు ఆకును మించినది లేదని రసికులు భావిస్తారు. వారు చుట్టను ముందు కంటితో చూచి, వ్రేళ్లతో నొక్కి, వాసన పట్టి, ఆ తరువాతనే అంటిస్తారు. మొదట ఉన్న రుచి నడుమ ఎట్లా మారినదో, చివరకు ఎట్లా నిలిచినదో విడివిడిగా చెప్పగలుగుతారు.

ఆ దేశపు చుట్టల చరిత్రలో ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన సంగతి ఒకటున్నది. 1865 నుండి హవానా కర్మాగారాలలో చుట్టలు చుట్టే పనివారికి ఒక చదువరిని నియమించుకొనే ఆచారం ఏర్పడినది. వారు చేతులతో ఆకు చుట్టుకొంటూ ఉంటే, అతడు ఎత్తయిన పీఠం మీద కూర్చుండి వార్తాపత్రికలూ నవలలూ పెద్దగా చదివి వినిపించేవాడు. పనివారు తమ కూలి డబ్బులలో నుండి తలా కొంత వేసుకొని అతనికి జీతమిచ్చేవారు. అక్కరం రాని కూలివాడు సైతం ఆ విధంగా గ్రంథాల పరిచయం పొందినాడు. అక్కడ చుట్ట పుట్టేచోటికి చదువు నడచివచ్చినది. చదువు చెప్పవలసిన చోట చుట్ట వచ్చి కూర్చుంటే ఏమవుతుందో చూపినవారు గురజాడవారు.

ఆయనకు నిజమైన గురుత్వమంటే ఏమో బాల్యంలోనే అనుభవానికి వచ్చినది. తండ్రి వేంకట రామదాసుగారు విజయనగర సంస్థానంలో ఉద్యోగి. చీపురుపల్లిలో ప్రాథమిక విద్య సాగుతూ ఉండగానే తండ్రి గతించినారు. ఆధారం లేక విజయనగరం చేరిన బాలుణ్ణి మహారాజావారి కళాశాల అధ్యక్షులు చంద్రశేఖరశాస్త్రిగారు చేరదీసి, చదువుకు దారి చూపినారు. ఆ ఆదరమే లేకపోతే తెలుగువారికి గురజాడ లేరు. ఆయన 1882లో ప్రవేశపరీక్షలో నెగ్గినారు, 1884లో మహారాజావారి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు, 1886లో బి.ఏ. పట్టం పొంది, అనంతరం కళాశాలలో అధ్యాపకులైనారు. శరీరం జన్మతః దుర్బలం. జీవితమంతా అనారోగ్యం వెన్నంటియే ఉన్నది. అయినను పుస్తకమూ కలమూ చేతినుండి జారలేదు.

విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు విద్వద్రసికులు. ఆయన చేయించిన లెక్కలో విశాఖ మండలంలో మూడు సంవత్సరాలలో 1034 శుల్కవివాహాలు జరిగినట్లు తేలినది. ఆ వధువులలో అయిదేండ్ల పసికందులే 99 మంది. ఏడాది నిండిన శిశువులను సైతం వెల కట్టి అమ్మినట్లు ఆ పట్టిక చూపినది. ఆ వేదనలో నుండి పుట్టిన నాటకమే కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో జగన్నాథవిలాసినీ సభవారు దానిని ప్రదర్శించినారు. 1897లో అచ్చయి మహారాజుకు అంకితమైనది. ఆ సంవత్సరమే మహారాజు పరమపదించినారు. తరువాత అప్పారావుగారు నాటకాన్ని సమూలంగా తిరిగి వ్రాసి 1909లో వెలువరించినారు. నేడు మనం చదువుకొనే కన్యాశుల్కం అదే.

అందులో గిరీశం తగుమాత్రం ఇంగ్లీషు, అంతకుమించిన మాటకారితనం గల యువకుడు. కృష్ణరాయపురం అగ్రహారీకుడైన అగ్నిహోత్రావధానుల కొడుకు వెంకటేశం అతని శిష్యుడు. పరీక్ష తప్పిన ఆ పిల్లవాడు ఒకనాడు కన్నెర్రజేసి, తనకు గురువుగారివల్ల అబ్బినది చుట్ట కాల్చడం ఒక్కటే అని మొగం మీదనే అనేస్తాడు. అట్టి మాట విన్న గురువు ఎవడైనా సిగ్గుపడతాడు. గిరీశం పడడు. ఆ చుట్టనే మహావిద్యగా నిలబెట్టడానికి పూనుకొంటాడు. దొరలు అంత గొప్పవారు కావడానికి కారణం చుట్టయేనట. ఆవిరియంత్రం వారికి పట్టుబడినది దాని మహిమచేతనేనట. అది చాలక, గరుత్మంతుడు తెచ్చిన అమృతంలో నుండి ఒలికిన చుక్కే పొగాకు మొక్క అయినదని శాస్త్రం పేరు పెట్టి ఒక పద్యం కూడా చదువుతాడు. ప్రేక్షకుడు కడుపుబ్బ నవ్వుతాడు. వెంకటేశం మాత్రం నమ్ముతాడు.

ఈ ఘట్టంలో అప్పారావుగారి సూక్ష్మదృష్టి గమనింపదగినది. చుట్ట రుచి తెలిసినవాడు ఆకును గురించి మాటాడుతాడు. పదునును, కాలిన తీరును, బూడిదను పరిశీలిస్తాడు. గిరీశం ఇంతసేపు చుట్టను స్తుతించినా దాని గుణదోషాలను గురించి ఒక్క మాటయినా పలుకడు. అతడు పొగిడేది చుట్ట పట్టినవాడి గొప్పతనాన్ని. తెల్లవాడి ప్రతిష్ఠనూ, పురాణాల గౌరవాన్నీ ఒక్క మారే అరువు తెచ్చుకొని తన అజ్ఞానానికి ముసుగు వేసుకొంటాడు. పరీక్షకు నిలువని పాండిత్యం ఎప్పుడూ ఈ రెండు వాకిళ్లలో యాచిస్తూనే ఉంటుంది. వితంతు వివాహాన్ని గురించి అతడు చేసే ఉపన్యాసాలదీ ఇదే తీరు. కడపట సౌజన్యారావు పంతులుగారు నిలదీసినప్పుడు ఆ ముసుగు తొలగిపోతుంది.

అతని వాదాన్ని పరీక్షించడానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. అదే జిల్లాలోని కొండలెక్కితే చాలును. ఘనతకు చుట్టయే మూలమైతే, తరతరాలుగా పొగాకు ఎరిగిన పాడేరు మన్యపు ప్రజలు అందరికన్న ముందుండవలసినది. వారికి దక్కినవి ముఠాదారుల పెత్తనమూ, అడవి చట్టాల నిర్బంధమూ, వెట్టిచాకిరీ. ఆ బాధలే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటై లేచినవి. చుట్ట వారికి ఇచ్చినది వేరు. మన్యంలోను, ఉత్తరాంధ్ర తీరగ్రామాలలోను స్త్రీలు నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని పొగ పీల్చే అలవాటు చిరకాలంగా ఉన్నది. దానినే అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిలి మాడి పుండుపడి, పలువురికి క్యాన్సరుగా పరిణమిస్తుందని వైద్యులు పరిశోధించి నిర్ధారించినారు. గిరీశం అమృతబిందువుకు శాస్త్రం ఇచ్చిన ఫలశ్రుతి ఇది.

విజయనగరంలో అప్పారావుగారితో కలిసి చదివిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, తూర్పుకనుమలలోని సవరల భాష నేర్చి, వారికి పుస్తకాలు వ్రాసి, బడులు పెట్టించినారు. కొండ ప్రజలకు పల్లంనుండి చేరవలసినది ఏమో ఆ మిత్రుడు చేసి చూపినారు. వాడుకభాష ఉద్యమంలో ఇరువురూ భుజం కలిపినారు. విద్యార్థి తనకు తెలిసిన భాషలో చదివితే చదువు వానికి అందుతుందని అప్పారావుగారి విశ్వాసం. 1910లో ముత్యాలసరాలు, దిద్దుబాటు కథ వెలువడినవి. 1914లో గ్రాంథికవాదులతో విభేదించి మద్రాసు విశ్వవిద్యాలయానికి సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించినారు. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరంలో కన్ను మూసినారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

గురజాడవారు స్వయంగా బడిలో పాఠం చెప్పినవారు. ఒక గురువు దయవల్ల చదువుకొన్నవారు. గిరీశాన్ని వారు ద్వేషంతో చిత్రించలేదు. వానికి చక్కని మాటలిచ్చినారు, చమత్కారమిచ్చినారు, ప్రేక్షకుల ప్రేమనూ ఇచ్చినారు. అందువల్లనే ఆ పాత్ర ప్రమాదకరమైనది. అయినను తీర్పు చెప్పే అధికారం మాత్రం వానికి ఇవ్వలేదు. పరీక్ష తప్పిన పసివాడు వెంకటేశం నోట ఆ తీర్పు పలికించినారు. సంవత్సరాంతాన ప్రతి తరగతిలోను ఉపాధ్యాయునికి అట్టి లెక్క ఒకటి సిద్ధమై ఉంటుంది. తనవల్ల పిల్లవానికి అబ్బినది ఏమిటో వాడు ఒక్క మాటలో చెప్పగలడు.